జీవితచరిత్రలకు విషయ శీర్షికలు ఇవ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు పుస్తకాలున్న గ్రంథాలయాల్లో జీవితచరిత్రలు, ఆత్మకథలు, సంస్మరణ సంచికలు ఎక్కువగా ఉంటాయి, పాఠకులు వాటిని ఎక్కువగా అడుగుతారు కూడా. అయినా చాలా కేటలాగుల్లో వాటికి దక్కే విషయ శీర్షిక ఒక్కటే: "జీవితచరిత్రలు". కొత్తగా కేటలాగింగ్ పనిలో చేరినవారు, ఒంటరిగా ఒక గ్రంథాలయాన్ని నడుపుతున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విషయ శీర్షికల పద్ధతిని ఆధారంగా తీసుకున్నాను. ఆ సంస్థ ప్రచురించే శీర్షికల మాన్యువల్‌లో జీవితచరిత్రల అధ్యాయం హెచ్ 1330. సియర్స్ జాబితా వాడే చిన్న గ్రంథాలయాలకు కూడా మూలసూత్రాలు దాదాపు ఇవే. ఉదాహరణల్లోని శీర్షికలను భావం తెలిసేలా తెలుగులో రాశాను. రికార్డులో చేర్చేటప్పుడు మాత్రం మీరు వాడే జాబితాలో ఉన్న రూపాన్ని అక్షరం మార్చకుండా తీసుకోవాలి.

"జీవితచరిత్రలు" అనే ఒక్క శీర్షిక ఇస్తే సరిపోదా?

సరిపోదు. విషయ శీర్షిక ఆ పుస్తకం దేని గురించో చెప్పాలి. "జీవితచరిత్రలు" అనే మాట పుస్తకం ఏ రకానికి చెందిందో చెబుతుంది గానీ ఎవరి గురించో, ఏ రంగం గురించో చెప్పదు. వందల పుస్తకాలకు ఆ ఒక్క మాటే తగిలిస్తే, దానితో వెతికిన పాఠకుడికి ఆ వందల పుస్తకాలూ ఒకేసారి ఎదురవుతాయి, వెతకనట్టే లెక్క. ఆ శీర్షికను ఒంటరిగా వాడవలసిన సందర్భాలు చాలా తక్కువ. దేశానికీ వృత్తికీ వర్గానికీ పరిమితం కాకుండా ఎందరెందరివో జీవితాలను ఒకచోట చేర్చిన సంకలనం అటువంటి వాటిలో ఒకటి. జీవితచరిత్ర రచన అనే ప్రక్రియను చర్చించే విమర్శ గ్రంథానికి వేరే శీర్షిక ఉంది.

అయితే ఒక వ్యక్తి జీవితచరిత్రకు కనీసం ఏయే శీర్షికలు ఇవ్వాలి?

మొదటిది, ఆ వ్యక్తి పేరు. రెండవది, ఆ వ్యక్తి ఏ వర్గానికి చెందినవాడో తెలిపే శీర్షిక, దాని కింద ప్రాంతం, దాని కింద "జీవితచరిత్రలు" అనే ఉపవిభాగం. మూడవది, పుస్తకంలో గణనీయమైన భాగం వేరే విషయానికి కేటాయించి ఉంటే ఆ విషయం. మొదటి రెండూ దాదాపు ప్రతి పుస్తకానికీ ఉంటాయి, మూడవది అవసరమైతేనే.

ఆర్థర్ కాటన్ (1803–1899) జీవితచరిత్ర చేతికి వచ్చిందనుకుందాం. మొదట కాటన్ పేరు వస్తుంది. తరువాత "జల ఇంజనీర్లు—భారతదేశం—జీవితచరిత్రలు" అనే శీర్షిక వస్తుంది. 1847 నుంచి 1852 వరకు సాగిన ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం, దాని వల్ల గోదావరి డెల్టా సేద్యంలో వచ్చిన మార్పు పుస్తకంలో కొన్ని అధ్యాయాలను ఆక్రమిస్తే, "నీటిపారుదల—భారతదేశం—ఆంధ్రప్రదేశ్—చరిత్ర" అని మూడవ శీర్షిక చేర్చవచ్చు. ఆనకట్ట ప్రస్తావన రెండు మూడు పేజీల్లో ముగిసిపోతే చేర్చకూడదు. ఒక విషయం పుస్తకంలో కనీసం 20 శాతం, అంటే ఐదో వంతు ఉంటేనే దానికి శీర్షిక ఇవ్వాలన్నది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పెట్టుకున్న కొలమానం. పేజీలు లెక్కపెట్టనక్కరలేదు. విషయసూచిక, ముందుమాట, మధ్యలో ఒకటి రెండు అధ్యాయాలు చూస్తే ఆ అంచనాకు రావచ్చు.

శీర్షికల వరుసలో వ్యక్తి పేరే ముందుండాలి. మార్క్ రికార్డులో, అంటే కంప్యూటర్ చదవగలిగేలా సంఖ్యలున్న ఫీల్డులుగా విడదీసిన కేటలాగు రికార్డులో, పేరు 600 ఫీల్డులో, వర్గమూ ఇతర విషయాలూ 650లో, ప్రాంతం 651లో చేరుతాయి.

వ్యక్తి పేరు ఇచ్చిన తరువాత మళ్ళీ వర్గం ఎందుకు? ఒకే విషయాన్ని రెండుసార్లు చెప్పినట్టు కాదా?

ఈ ప్రశ్న వేసేవారు సూత్రం తెలిసినవారే. పుస్తకానికి దాని పరిధికి సరిగ్గా సరిపోయే శీర్షిక ఇవ్వాలి, అంతకంటే విశాలమైనది ఇవ్వకూడదు అని అమెరికన్ గ్రంథాలయవేత్త చార్లెస్ కటర్ 1876 నాటి తన నియమావళిలోనే స్థిరపరిచాడు. ఆ లెక్కన కాటన్ పుస్తకానికి కాటన్ పేరు మాత్రమే చాలాలి. జీవితచరిత్రల విషయంలో ఈ సూత్రానికి తెలిసి తెలిసి మినహాయింపు ఇచ్చారు. దానికి బలమైన కారణం ఉంది.

పేరుతో వెతికేవాడికి ఆ పేరు ముందే తెలిసి ఉండాలి. "మన ప్రాంతంలో సంఘసంస్కరణకు పాటుపడినవారి జీవితాలు చదవాలి" అని వచ్చే విద్యార్థికి పేర్లు తెలియవు, తెలుసుకోవడానికే అతడు గ్రంథాలయానికి వచ్చాడు. కేటలాగులో పేర్లు మాత్రమే ఉంటే కందుకూరి వీరేశలింగం పుస్తకం ఒకచోట, రఘుపతి వెంకటరత్నం నాయుడు పుస్తకం మరొకచోట, ఎవరికీ అంతగా తెలియని ఒక జిల్లా సంస్కర్త పుస్తకం ఇంకెక్కడో చెల్లాచెదురుగా ఉండిపోతాయి. "సంఘసంస్కర్తలు—భారతదేశం—ఆంధ్రప్రదేశ్—జీవితచరిత్రలు" అనే శీర్షిక వాటన్నింటినీ ఒక్కచోటికి తెస్తుంది. వీరేశలింగం పుస్తకం ఎలాగైనా దొరుకుతుంది. వర్గ శీర్షిక లేకపోతే నష్టపోయేది ఆ మూడవ పుస్తకం. పేరు ప్రఖ్యాతులు లేనివారి జీవితచరిత్రలు పాఠకుడి చేతికి చేరే దారి ఇదొక్కటే కాబట్టి, పని ఒత్తిడిలో ఏది వదిలినా వర్గ శీర్షికను వదలవద్దని కొత్తగా చేరినవారికి ప్రత్యేకంగా చెబుతాను.

పేరు కింద "జీవితచరిత్ర" అనే ఉపవిభాగం పెట్టాలా?

పెట్టనక్కరలేదు. ఒక మనిషి పేరే విషయంగా ఉందంటే ఆ పుస్తకం అతని జీవితం గురించి అన్న అర్థం అందులోనే ఉంది. ఆ ఉపవిభాగం వర్గాలకూ, ప్రాంతాలకూ, సంస్థలకూ, జనసమూహాలకూ చెందినది. వ్యక్తి పేరు కింద వాడటానికి వేరే ఉపవిభాగాలు ఉన్నాయి, వాటి పట్టిక అదే మాన్యువల్‌లో హెచ్ 1110లో దొరుకుతుంది. బాల్యం–యౌవనం, కుటుంబం, స్నేహితులు–సహచరులు, ఆరోగ్యం, కారాగారవాసం, రాజకీయ–సామాజిక అభిప్రాయాలు, ప్రయాణాలు, హత్య, మరణం–అంత్యక్రియలు వాటిలో కొన్ని. పుస్తకం మొత్తం జీవితంలోని ఒక దశకో కోణానికో పరిమితమైతేనే వీటిని వాడాలి. పుట్టుక నుంచి మరణం దాకా చెప్పే పుస్తకంలో ఒక అధ్యాయం జైలు జీవితం గురించి ఉన్నంత మాత్రాన "కారాగారవాసం" అని చేర్చకూడదు.

తెలుగువారి పేర్లను ఏ రూపంలో ఇవ్వాలి?

అన్నింటికంటే ఎక్కువ చిక్కులు ఇక్కడే వస్తాయి. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత రావడం మన అలవాటు. ఇంటిపేరును ఒక్కొక్కరు ఒక్కొక్కలా కుదిస్తారు, కొందరు అసలు వాడరు, కొందరి పేరు చివర కులసూచకమో బిరుదో వచ్చి చేరుతుంది. ఒకే మనిషి ఒక పుస్తకం మీద పూర్తి పేరుతో, ఇంకో పుస్తకం మీద పొడి అక్షరాలతో, మూడో పుస్తకం మీద కలం పేరుతో కనిపిస్తాడు. కేటలాగరు ప్రతిసారీ పుస్తకం అట్ట మీద ఉన్నట్టే రాసుకుంటూ పోతే ఒక్క మనిషి ముగ్గురైపోతాడు.

పరిష్కారం అథారిటీ ఫైలు, అంటే కేటలాగులో వాడవలసిన పేర్ల రూపాలను స్థిరపరిచే జాబితా. ఒక వ్యక్తికి ఒకే అధికారిక రూపం ఉండాలి, మిగిలిన రూపాలన్నీ దానికి దారి చూపాలి. ఆ వ్యక్తి రచయిత కూడా అయితే, రచయితగా 100 ఫీల్డులో ఏ రూపం ఉందో విషయంగా 600 ఫీల్డులోనూ సరిగ్గా అదే ఉండాలి. శ్రీరంగం శ్రీనివాసరావు (1910–1983) శ్రీశ్రీగానే ప్రసిద్ధుడు, భాగవతుల సదాశివశంకర శాస్త్రి (1925–1998) ఆరుద్రగానే ప్రసిద్ధుడు. కాబట్టి కలం పేరు అధికారిక రూపమవుతుంది, అసలు పేరు చూపుడు రూపమవుతుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పేర్ల ఫైలునూ, వివిధ దేశాల ఫైళ్ళను కలిపి చూపే వయాఫ్‌నూ ముందు వెతకండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం 1960ల నుంచి భారతీయ భాషల పుస్తకాలను సేకరిస్తోంది కాబట్టి తెలుగు రచయితల పేర్లు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అవి రోమన్ లిపిలో, అక్షరాల మీద గుర్తులతో ఉంటాయి. ఇంటిపేరు ముందు పెట్టాలా, పెట్టిన పేరు ముందు పెట్టాలా అని ప్రతి పుస్తకం దగ్గరా కొత్తగా తర్కించుకోవడం కంటే అక్కడ స్థిరపడిన రూపాన్ని తీసుకుని, రెండో రూపాన్ని చూపుడు రూపంగా ఇవ్వడం మేలు.

"ఆంధ్రకేసరి", "దేశోద్ధారక", "మహాకవి", "డాక్టర్" వంటివి శీర్షికలో చేర్చకూడదు. పాఠకులు బిరుదుతోనే వెతుకుతారనిపిస్తే దాన్ని చూపుడు రూపంలో పెట్టవచ్చు. పుట్టిన, మరణించిన సంవత్సరాలు ఒకే పేరున్న ఇద్దరిని వేరు చేయడానికి పనికివస్తాయి, కానీ అవి వివాదాస్పదం కావచ్చు. అల్లూరి సీతారామరాజు జన్మసంవత్సరాన్ని కొన్ని పుస్తకాలు 1897 అనీ, కొన్ని 1898 అనీ చెబుతాయి. మీ చేతిలోని పుస్తకం ఏది చెప్పినా అథారిటీ ఫైలులో ఉన్నదానినే కొనసాగించండి, తేడాను అథారిటీ రికార్డులో గమనికగా రాయండి.

ఒకే వ్యక్తి అనేక రంగాల్లో పనిచేస్తే ఎన్ని వర్గాలు ఇవ్వాలి?

టంగుటూరి ప్రకాశం (1872–1957) న్యాయవాది, పత్రికా సంపాదకుడు, స్వాతంత్ర్య సమరయోధుడు, మద్రాసు ప్రధానమంత్రి, 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ఐదు వర్గాలూ నిజమే. అయినా ఐదింటినీ ఇవ్వాలని లేదు. అతడు ఎవరన్నది కాదు, ఈ పుస్తకం అతణ్ణి ఎవరిగా చూపుతోందన్నది మనకు కావలసిన ప్రశ్న. సంపూర్ణ జీవితచరిత్ర అయితే రాజనీతిజ్ఞులు, జాతీయోద్యమకారులు అనే రెండు వర్గాలు చాలు. అతని పత్రికా జీవితం మీదనే రాసిన పుస్తకమైతే సంపాదకుల వర్గం ముందుకు వస్తుంది, మిగిలినవి తప్పుకుంటాయి. ఎన్.టి. రామారావు (1923–1996) విషయంలో సినిమా నటులు, ముఖ్యమంత్రులు అనే రెండు వర్గాలూ సాధారణంగా అవసరమవుతాయి. కానీ 1983కు ముందు సినిమాల గురించి మాత్రమే రాసిన పుస్తకానికి రాజకీయ వర్గం ఇస్తే పాఠకుణ్ణి తప్పుదారి పట్టించినట్టే.

ఒకటి లేదా రెండు వర్గాలు ఇవ్వడం నాకు సబబుగా తోస్తుంది. మూడు అరుదు. నాలుగో వర్గం ఇవ్వాలనిపించినప్పుడు, దానిని పుస్తకంలో చూసి ఇస్తున్నామా, ఆ వ్యక్తి మీద గౌరవంతో ఇస్తున్నామా అని ఒకసారి ఆగి చూసుకోవాలి.

ప్రాంతం ఎలా నిర్ణయించాలి?

మాతృభాషను బట్టి కాదు, పుట్టిన ఊరిని బట్టి కాదు. ఆ వ్యక్తి ఏ ప్రాంతంలో పనిచేశాడో, ఏ ప్రాంతంతో అతని జీవితకృషి ముడిపడి ఉందో దానిని బట్టి నిర్ణయించాలి. త్యాగరాజు (1767–1847) తెలుగులో కృతులు రచించాడు, కానీ తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో జీవించి, అక్కడే మరణించాడు. "వాగ్గేయకారులు—భారతదేశం—తమిళనాడు" అని ఇవ్వడం సబబు, "ఆంధ్రప్రదేశ్" అని ఇవ్వడం తప్పు. భాషను చెప్పదలచుకుంటే దానికి తగిన విషయ శీర్షిక వేరుగా ఉండాలి. యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) భీమవరంలో పుట్టినా, శాస్త్రవేత్తగా అతని కృషి అంతా హార్వర్డ్‌లో, తరువాత లెడర్లే ప్రయోగశాలల్లో సాగింది. కాబట్టి "జీవరసాయన శాస్త్రవేత్తలు—అమెరికా సంయుక్త రాష్ట్రాలు—జీవితచరిత్రలు" తప్పనిసరి. మన పాఠకుల కోసం "భారతదేశం" తో మరొకటి చేర్చడంలో తప్పులేదు.

శీర్షిక నిర్మాణంలో ఒక సాంకేతిక నియమం చాలామంది మరచిపోతారు. ప్రాంతానికి రెండు అంచెలే ఉండాలి. "భారతదేశం—తెలంగాణ" సరైనది, "భారతదేశం—హైదరాబాద్" సరైనది. "భారతదేశం—తెలంగాణ—హైదరాబాద్" అని మూడంచెలు పెట్టకూడదు. మద్రాసు ప్రెసిడెన్సీ, నిజాం రాజ్యం నాటి వ్యక్తులకు కూడా ప్రాంతాన్ని ఇప్పటి పేరుతోనే ఇస్తారు. 2014 జూన్ 2కు ముందు తయారైన రికార్డుల్లో వరంగల్, నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల వ్యక్తులు "ఆంధ్రప్రదేశ్" కింద ఉండిపోయారు. వాటిని విడిగా వెతికి సరిచేయాలి, రాష్ట్రం పేరును గుడ్డిగా ఒకేసారి మార్చేస్తే గుంటూరు రచయితలు తెలంగాణకు వెళ్ళిపోతారు.

స్త్రీల జీవితచరిత్రలకు స్త్రీల వర్గమే ఇవ్వాలా?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909–1981) ఆంధ్ర మహిళా సభను స్థాపించింది, రాజ్యాంగ సభలో సభ్యురాలిగా పనిచేసింది. ఆమె పుస్తకానికి "మహిళా సంఘసంస్కర్తలు—భారతదేశం—జీవితచరిత్రలు" అనే శీర్షిక సహజంగా వస్తుంది, ఎందుకంటే స్త్రీగా ఆమె ఎదుర్కొన్నవి, స్త్రీల కోసం ఆమె చేసినవి ఆ జీవితకథకు కేంద్రం. అలాగని ఆమెను సాధారణ వర్గం నుంచి తొలగించడం అన్యాయం. రాజ్యాంగ రచన గురించి వెతికేవారికి ఆమె పేరు దొరకాలి. పుస్తకం ఆ భాగాన్ని విపులంగా చర్చిస్తే దానికి తగిన శీర్షిక కూడా ఇవ్వాలి.

భర్త పేరు వెనుక ఉండిపోయిన స్త్రీల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. కందుకూరి రాజ్యలక్ష్మి గురించి ప్రత్యేకంగా రాసిన పుస్తకానికి ఆమె పేరే మొదటి శీర్షిక. వీరేశలింగం పేరు కింద "కుటుంబం" అని ఇచ్చి ఊరుకోవడం అంగీకరించదగినది కాదు. వితంతువులకు ఆశ్రయమిచ్చి, వండి పెట్టి, ఊరి వెలివేతను భరించిన మనిషి కేటలాగులో ఉపవిభాగంగా మిగలకూడదు.

కులం, తెగ, మతం శీర్షికల్లోకి ఎప్పుడు రావాలి?

ఆ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి అవి అవసరమని పుస్తకమే చూపినప్పుడు రావాలి. కొమరం భీం జీవితచరిత్రను గోండుల చరిత్ర నుంచి విడదీయలేం, కాబట్టి "గోండులు—జీవితచరిత్రలు" అనే శీర్షిక తప్పక ఉండాలి. గుఱ్ఱం జాషువా (1895–1971) మొదట తెలుగు కవి. కుల వివక్ష అనుభవం ఆ పుస్తకంలో ప్రధానమైతే "దళితులు—భారతదేశం" శీర్షికను చేర్చాలి. అతని ఛందస్సు గురించి, ఖండకావ్యాల గురించి మాత్రమే మాట్లాడే పుస్తకానికి అది అనవసరం, కులాన్ని చూసి కవిని పక్క అరలో పెట్టినట్టవుతుంది. పుస్తకంలో లేని కులాన్ని ఇంటిపేరు చూసి ఊహించి శీర్షికగా ఇవ్వడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

ఆత్మకథకు రచయితే విషయం కూడానా?

అవును. వీరేశలింగం స్వీయచరిత్రకు 100 ఫీల్డులో అతని పేరు, 600 ఫీల్డులో మళ్ళీ అదే పేరు ఉండాలి. రచయితగా ఉంది కదా అని విషయంగా వదిలేయడం చాలా కేటలాగుల్లో కనిపించే లోపం. విషయ సూచిలో వీరేశలింగం కింద వెతికినవాడికి ఇతరులు రాసినవన్నీ దొరికి, స్వయంగా ఆయన రాసుకున్నది దొరకకపోవడం ఎంత వింత. వర్గ శీర్షికలో "జీవితచరిత్రలు" అనే ఉపవిభాగమే ఉంటుంది, ఆత్మకథలకు వేరే ఉపవిభాగం లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిగిన తొలి వితంతు వివాహం, దాని చుట్టూ నడిచిన పోరాటం ఆ గ్రంథంలో విస్తారంగా ఉన్నాయి కాబట్టి వితంతువులు, పునర్వివాహం అనే విషయాలనూ చేర్చవచ్చు.

చెప్పినవారు ఒకరు, రాసినవారు మరొకరు అయిన ఆత్మకథల్లో జీవితం ఎవరిదో వారే విషయం. రాసినవారికి 700 ఫీల్డులో, అంటే పుస్తకంతో సంబంధమున్న ఇతరుల పేర్లకు కేటాయించిన ఫీల్డులో, చోటు ఉంటుంది.

"జీవితం–సాహిత్యం" అనే పరిశోధన గ్రంథాలను ఎలా చూడాలి?

మన విశ్వవిద్యాలయాల నుంచి ఈ పేరుతో వచ్చిన సిద్ధాంత గ్రంథాలకు లెక్కలేదు. వాటిలో ఎక్కువ భాగం ఒక అధ్యాయంలో జీవితం చెప్పి, మిగిలిన అధ్యాయాలన్నీ రచనల విశ్లేషణకు ఇస్తాయి. అటువంటి వాటికి రచయిత పేరు కింద "విమర్శ, వ్యాఖ్యానం" అనే ఉపవిభాగమే ప్రధానం. జీవితభాగం ఐదో వంతుకు తగ్గితే "తెలుగు రచయితలు—జీవితచరిత్రలు" ఇవ్వకూడదు. రెండూ సమంగా ఉంటే ఉపవిభాగం లేకుండా పేరు ఒకసారి, "విమర్శ, వ్యాఖ్యానం" తో పేరు మరొకసారి, వర్గ శీర్షిక ఒకసారి ఇవ్వాలి. పుస్తకం పేరులో "జీవితం" ముందు వచ్చిందని దానికే పెద్దపీట వేయవద్దు.

ఉత్తరాలు, దినచర్యలు జీవితచరిత్రలేనా?

వాటికి సొంత ఉపవిభాగాలు ఉన్నాయి. గురజాడ అప్పారావు (1862–1915) దినచర్యలకు అతని పేరు కింద "దినచర్యలు", లేఖలకు "ఉత్తరప్రత్యుత్తరాలు" అని ఇవ్వాలి. వర్గ శీర్షికకు కూడా అదే ఉపవిభాగం చేర్చాలి: "తెలుగు రచయితలు—దినచర్యలు".

అనేకమంది జీవితాలున్న పుస్తకానికి అందరి పేర్లూ ఇవ్వాలా?

ఇద్దరు ముగ్గురైతే, ఎక్కువలో ఎక్కువ నలుగురైతే, ప్రతి ఒక్కరికీ పేరు శీర్షిక ఇవ్వవచ్చు. అంతకు మించితే వర్గ శీర్షిక చాలు. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన "మనకు తెలియని మన చరిత్ర" లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ జీవితాలను తామే చెప్పారు. విషయ శీర్షికల్లో అందరి పేర్లూ పట్టవు, కాబట్టి ఆ పోరాటం, మహిళా విప్లవకారులు, ప్రాంతం ప్రధాన శీర్షికలవుతాయి. కానీ ఇటువంటి పుస్తకాలకు విషయసూచికను 505 ఫీల్డులో పూర్తిగా ఎక్కించమని గట్టిగా కోరతాను. వేరే ఏ పుస్తకంలోనూ కనిపించని ఒక స్త్రీ పేరు ఆ ఫీల్డు వల్ల మాత్రమే వెతుకులాటలో దొరుకుతుంది.

ఉద్యమంలో, యుద్ధంలో పాల్గొన్నవారి జ్ఞాపకాలు?

పుస్తకం ఒక ఘటన చుట్టూనే తిరుగుతూ, రచయిత తాను చూసినవి, అనుభవించినవి చెబితే, ఆ ఘటన శీర్షిక కింద "వ్యక్తిగత కథనాలు" అనే ఉపవిభాగం వాడాలి. ఘటన ఆ జీవితంలో ఒక భాగం మాత్రమే అయితే అది మామూలు ఆత్మకథే.

రాజులకు, రాణులకు వర్గం ఏమిటి?

ఇక్కడ పద్ధతి తిరగబడుతుంది. రాష్ట్రపతులు, ప్రధానమంత్రులు వంటి పదవులకు వర్గం ముందు, దేశం తరువాత వస్తాయి. రాజులకు మాత్రం రాజ్యం పేరు ముందు వస్తుంది. శ్రీకృష్ణదేవరాయల (పాలన 1509–1529) పుస్తకానికి అతని పేరు తరువాత "విజయనగర సామ్రాజ్యం—రాజులు, పాలకులు—జీవితచరిత్రలు" అని ఇవ్వాలి. పాలన చరిత్ర కూడా విస్తారంగా ఉంటే "విజయనగర సామ్రాజ్యం—చరిత్ర" చేర్చాలి.

అభినందన సంచికలు, షష్టిపూర్తి సంచికలు ఎలా?

తెలుగు ప్రచురణల్లో ఇవి ఒక ప్రత్యేక జాతి. ఒక పెద్దాయన గౌరవార్థం వెలువడిన సంచికలో మొదటి యాభై పేజీలు ఆయన గురించి సందేశాలు, పరిచయాలు, ఫొటోలు, ఆ తరువాత రెండు వందల పేజీలు శాసనాల మీదనో వ్యాకరణం మీదనో పండితుల వ్యాసాలు ఉంటాయి. పెద్దాయన పేరును గౌరవం పొందిన వ్యక్తిగా 700 ఫీల్డులో ఎప్పుడూ ఇవ్వవచ్చు. విషయంగా 600లో ఇవ్వాలంటే మాత్రం ఐదో వంతు నియమాన్ని పాటించాలి. సందేశాలను జీవితచరిత్రగా లెక్కపెట్టవద్దు. ఆయన జీవితాన్ని నిజంగా చెప్పే వ్యాసాలనే లెక్కపెట్టండి. మిగిలిన వ్యాసాల విషయానికి శీర్షిక ఇవ్వడం మరచిపోతే, మంచి శాసన పరిశోధన ఒకటి ఆ సంచికలో ఎవరికీ కనబడకుండా ఉండిపోతుంది.

జీవిత నవలలు, పిల్లల పుస్తకాలు?

ఒక చారిత్రక వ్యక్తి జీవితం ఆధారంగా రాసిన నవలకు అతని పేరు కింద "కల్పన" అనే ఉపవిభాగం ఇవ్వాలి, నాటకమైతే "నాటకం". "జీవితచరిత్రలు" అనే ఉపవిభాగాన్ని దాని దరిదాపులకు రానివ్వకూడదు. నవలలోని సంభాషణలను నిజమని నమ్మి వ్యాసం రాసుకునే విద్యార్థిని కాపాడేది ఈ చిన్న తేడాయే. పిల్లల కోసం రాసిన జీవితచరిత్రకు పేరుకూ వర్గానికీ రెండింటికీ చివర "బాలసాహిత్యం" చేర్చాలి.

ఏ వర్గానికీ చెందని సామాన్యుడి జీవితకథ అయితే?

ముందు నిజంగా వర్గం లేదా అని చూడండి. రైతులు, నేతపనివారు, ఉపాధ్యాయులు, వలస కార్మికులు, అందరికీ శీర్షికలు ఉన్నాయి. ఏదీ కుదరకపోతే ఊరు లేదా ప్రాంతం పేరు కింద "జీవితచరిత్రలు" ఇవ్వవచ్చు. స్థానిక చరిత్ర రాసేవారు మొదట వెతికేది అదే.

వర్గీకరణ సంఖ్యకూ వీటికీ సంబంధం ఏమిటి?

పుస్తకం అరలో ఒక్కచోటే ఉండగలదు, శీర్షికలు ఎన్నయినా ఉండవచ్చు. పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలిచ్చే డ్యూయీ పద్ధతిలో రంగం సంఖ్యకు 092 చేర్చి ఇంజనీరు జీవితాన్ని ఇంజనీరింగ్ దగ్గరే ఉంచవచ్చు, లేదా జీవితచరిత్రలన్నింటినీ 920లో ఒకచోట పెట్టవచ్చు. మన ప్రజా గ్రంథాలయాల్లో రెండవది పాఠకులకు సులువుగా ఉంటుంది. కానీ అలా పెట్టినప్పుడు రంగంతో సంబంధం అర దగ్గర తెగిపోతుంది, దానిని కలిపి ఉంచే బాధ్యత పూర్తిగా వర్గ శీర్షిక మీద పడుతుంది.

655 ఫీల్డులో ప్రక్రియ పేరు ఇస్తే "జీవితచరిత్రలు" ఉపవిభాగం తీసేయవచ్చా?

తీసేయవద్దు. "జీవితచరిత్రలు", "ఆత్మకథలు" అనే ప్రక్రియా పదాలను 655లో ఇవ్వడం మంచిదే, ఆత్మకథలను విడిగా వెతకడానికి అది పనికివస్తుంది. కానీ "సంఘసంస్కర్తలు—జీవితచరిత్రలు" అనే కలయిక చేసే పనిని అది చేయలేదు.

శీర్షికలను తెలుగులో కూడా ఇవ్వవచ్చా?

ఇవ్వాలనే నా అభిప్రాయం. తెలుగు పుస్తకం అడిగే పాఠకుడు తెలుగు లిపిలోనే వెతుకుతున్నాడు. ప్రామాణిక ఇంగ్లీషు శీర్షికను ఉంచి, దానికి సమానమైన తెలుగు శీర్షికను మరో 650 ఫీల్డులో, మూలం పేర్కొనలేదని తెలిపే రెండవ సూచిక 4తో చేర్చవచ్చు. కోహా వంటి సాఫ్ట్‌వేర్ యూనికోడ్‌ను చక్కగా నిర్వహిస్తుంది. షరతు ఒక్కటే: తెలుగు మాటలకు కూడా మీ గ్రంథాలయంలో ఒక జాబితా ఉండాలి. ఒక రోజు "సంఘసంస్కర్తలు", ఇంకో రోజు "సాంఘిక సంస్కర్తలు", మరో రోజు "సమాజ సంస్కర్తలు" అని రాస్తే పుస్తకాలు మూడు ముక్కలవుతాయి.

"జీవితచరిత్రలు" అని మాత్రమే ఉన్న పాత రికార్డులు వేలల్లో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట ఆ ఒక్క శీర్షికే ఉండి 600 ఫీల్డు లేని రికార్డుల జాబితా తీయండి. వాటికి పేర్లు చేర్చడం వేగంగా జరుగుతుంది, ఎందుకంటే వ్యక్తి పేరు చాలావరకు పుస్తకం పేరులోనే ఉంటుంది. ఆత్మకథల్లో 100 ఫీల్డును 600లోకి కాపీ చేయడం ఇంకా సులువు. వర్గ శీర్షికలకు పుస్తకం తెరిచి చూడక తప్పదు. ఆ పనిని ప్రసిద్ధుల పుస్తకాలతో కాకుండా, మీ జిల్లాకు చెందినవారి పుస్తకాలతో, ఒకే ముద్రణతో ఆగిపోయిన పుస్తకాలతో, కుటుంబసభ్యులు సొంత ఖర్చుతో వేయించి గ్రంథాలయానికి ఇచ్చిన పుస్తకాలతో మొదలుపెట్టండి. వాటికి ఇంకెక్కడా రికార్డు లేకపోవచ్చు, తెచ్చుకుని కాపీ చేసుకునే వీలు కూడా ఉండకపోవచ్చు.